దోహా రోడ్ల మీద పన్నెండు సిలిండర్లు



గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. నిజామాబాద్, కరీంనగర్ వైపు వెళ్లండి. కడప, రాయచోటి వైపు వెళ్లండి. గోదావరి జిల్లాలకు వెళ్లండి. ఆ ఇళ్లలో గోడ మీదో, ఇప్పుడైతే ఫోన్లోనో, ఒక ఫొటో ఉంటుంది. కుర్రాడు ఒక కారు పక్కన నిలబడి ఉంటాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి ఉంటాడు. ఆ చెయ్యి ఆనీ ఆననట్టు ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? గీత పడుతుందేమోనని భయం. ఆ కారు అతనిది కాదు. అతనికీ తెలుసు, ఇంట్లోవాళ్లకీ తెలుసు. అయినా ఫొటో దిగుతాడు. వీళ్లూ ముచ్చటగా దాచుకుంటారు.

ఇవాళ ఆ కారు గురించే మాట్లాడుకుందాం. ఎవరిదో కారు. మనం కొనం, కొనలేం. అయినా చూపు తిప్పుకోలేం. ఎందుకని?

నేను కొన్నేళ్లు ఖతార్ రాజధాని దోహాలో ఉద్యోగం చేశాను. సాయంత్రం చల్లబడ్డాక అక్కడ పెర్ల్ అనే చోటికి జనం షికారు వెళతారు. సముద్రాన్ని పూడ్చి కట్టిన ద్వీపం అది. పడవలు ఒకవైపు, కార్లు ఒకవైపు. ఫెరారీలు, లాంబొర్గీనీలు వరసగా వస్తాయి. వాటిని చూడక్కర్లేదు, మలుపు అవతల ఉండగానే వినబడతాయి. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతుంటారు. నేను చెప్పబోయేది వాటి గురించి కాదండీ. వాటి వెనకాల, పెద్దగా చప్పుడు లేకుండా, ఎవరినీ తోసుకోకుండా ఇంకో కారు వస్తుంది. పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, రెండే తలుపులు. బెంట్లీ కాంటినెంటల్ జీటీ.

జీటీ అంటే గ్రాండ్ టూరర్. దూరప్రయాణం కోసం కట్టిన వేగమైన కారు. దూరం అన్న మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పని ఉంది. రేసు కారులో గంట కూర్చుంటే నడుం పట్టేస్తుంది. పెద్ద విలాసవంతమైన కారులో కూర్చుంటే నిద్రొస్తుంది. జీటీలో అటు నడుమూ పట్టకూడదు, ఇటు నిద్రా రాకూడదు. పొద్దున్న ఒక దేశంలో బయల్దేరి, రాత్రి భోజనానికి ఇంకో దేశంలో దిగాలి. దిగినప్పుడు చొక్కా ఇస్త్రీ నలగకూడదు. అదీ లెక్క.

ఇది ఈనాటి మోజు కాదు. 1952లో ఇంగ్లండ్ కంపెనీ బెంట్లీ వాళ్లు ఆర్-టైప్ కాంటినెంటల్ అని ఒక కారు చేశారు. యుద్ధం ముగిసి ఏడేళ్లు. ఇంగ్లండ్‌లో ఇంకా కొన్ని సరుకులకు రేషను నడుస్తోంది. అలాంటి రోజుల్లో నలుగురు మనుషుల్నీ, వాళ్ల పెట్టెల్నీ ఎక్కించుకుని గంటకు 180 కిలోమీటర్లు దాటి పోగల కారు అది. ఆ కాలంలో టైర్లు అంత బరువునూ అంత వేగాన్నీ కలిపి మోసేవి కావు. అందుకని బరువు తగ్గించడానికి ఒళ్లంతా అల్యూమినియంతో చేశారు. మొదటి నమూనా బండి నంబరులో ఓ, ఎల్, జీ అక్షరాలు ఉండేవి. దాంతో దానికి ఓల్గా అని పేరు పడిపోయింది. ఇప్పటికీ అదే పేరు. అన్నీ కలిపి చేసినవి 208 కార్లు మాత్రమే.

తర్వాత బెంట్లీకి కష్టకాలం వచ్చింది. 1998లో జర్మనీ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ కొనుక్కుంది. వాళ్ల చేతుల్లో 2003లో పుట్టింది కాంటినెంటల్ జీటీ. దాని ఇంజన్ గురించి ఒక్క మాట చెప్పాలి. అసలు వశీకరణం అక్కడే ఉంది మరి.

మన మామూలు చిన్న కారుకు నాలుగు సిలిండర్లు, కొన్నిటికి మూడే. దీనికి పన్నెండు. మామూలుగా పన్నెండు సిలిండర్లు వరసగా పేరిస్తే ఇంజన్ పొడవు పెరిగిపోతుంది. వీళ్లు వాటిని నాలుగు వరసలుగా, ఒకదాని సందులో ఒకటి ఇరికించి పొట్టిగా చేశారు. దానికి రెండు టర్బోలు తగిలించారు. మన చిన్న కారు ఇంజన్ 80, 90 హార్స్‌పవర్ ఇస్తే ఇది 550 ఇచ్చింది. గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

అయితే ఆ 300 గొప్ప కాదండీ. గొప్ప ఎక్కడుందంటే, ఆ బలం ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందుతుంది. చిన్న కారులో లారీని దాటాలంటే మనం ఏం చేస్తాం? గేరు దించుతాం, యాక్సిలరేటర్ తొక్కుతాం, ఇంజన్ కేక పెడుతుంది, పక్క సీట్లో ఆవిడ పైన పిడి పట్టుకుంటుంది. దీంట్లో అదేం లేదు. పాదం కాస్త కదిపితే చాలు, లారీ వెనక్కి వెళ్లిపోతుంది. కారు బరువు రెండు టన్నుల పైన మూడొందల కిలోలకు పైమాటే. అంత బరువు అంత సులువుగా కదలడం చూస్తే ఊరేగింపులో గుడి ఏనుగు గుర్తొస్తుంది. తొందరపడదు. పడాల్సిన అవసరం లేదని దానికి తెలుసు.

ఇక ఖతార్ సంగతికి వద్దాం. ఇక్కడే నాకు తమాషా అనిపించేది.

ఇందాక దూరం అన్న మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఖతార్‌లో దూరం లేదు! ఆ దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస వరకు సుమారు 160 కిలోమీటర్లు. మన హైదరాబాద్ చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు ఒక్క చుట్టు తిరిగితే 158 కిలోమీటర్లు. అంటే మీరు శంషాబాద్‌లో ఎక్కి మళ్లీ శంషాబాద్‌లో దిగితే, ఖతార్ దేశాన్ని నిలువునా దాటినంత పని. దోహా నుంచి దుఖాన్ రోడ్డు పట్టుకుంటే గంటలో పడమటి తీరం వచ్చేస్తుంది. దారిలో షహానియా దగ్గర ఒంటెల పందేల మైదానం. వాటి మీద మనుషులు ఉండరు, చిన్న చిన్న రోబోలు ఉంటాయి. అది దాటితే రాళ్లనేల, కరెంటు స్తంభాలు, ఆ తర్వాత సముద్రం. దుఖాన్ అంటే చిన్నాచితకా ఊరు కాదు, 1940 ప్రాంతంలో ఆ దేశంలో మొదటిసారి చమురు పడింది అక్కడే. సల్వా రోడ్డు పట్టుకుంటే గంటలో అబూ సమ్రా. అవతల సౌదీ. ఇంక రోడ్డు లేదు.

ఉన్న రోడ్డు మీదన్నా పోనిస్తారా అంటే, ఎక్కువలో ఎక్కువ 120. అడుగడుగునా రాడార్ కెమెరాలు. ఒక్కసారి ఫ్లాష్ కొట్టిందంటే ఫోన్‌కు మెసేజీ వచ్చేస్తుంది, ముఖాలఫా పడిందని. ముఖాలఫా అంటే జరిమానా. గల్ఫ్‌లో మనవాళ్లు నేర్చుకునే మొదటి పది అరబ్బీ మాటల్లో అదొకటి.

మరి 300 పైన పోగల కారు ఎందుకు? 120 దాటనివ్వని, గంటలో అయిపోయే రోడ్ల మీద దూరప్రయాణాల కారు ఎందుకు?

డబ్బు ఎక్కువై అంటారు కొందరు. కొంత నిజమే. అక్కడ కారు కొనడం తేలిక కూడా. మన దేశంలో ఇలాంటి కారు దిగుమతి చేసుకుంటే ఏళ్ల తరబడి కారు ధర ఎంతో సుంకం కూడా అంత కట్టాల్సి వచ్చేది. అక్కడ సుంకం నూటికి 5. పెట్రోలు లీటరు రెండు రియాళ్ల చుట్టూ తిరుగుతుంది. లీటరుకు ఆరు కిలోమీటర్లు కూడా సరిగ్గా ఇవ్వని కారైనా, తొంభై లీటర్ల ట్యాంకు నింపితే 200 రియాళ్ల లోపే. అయినా చవగ్గా వచ్చిందని ఎవరూ దేన్నీ ప్రేమించరు. చవగ్గా వస్తే కొంటారు, అంతే.

నాకు తోచింది చెబుతాను. ఆ కారు ఆకర్షణ వాడిన బలంలో లేదు. వాడకుండా ఉంచుకున్న బలంలో ఉంది. మళ్లీ చెబుతున్నాను, వాడకుండా ఉంచుకున్న బలం. 120లో పోతున్నప్పుడు ఆ ఇంజన్ దాదాపు కునుకు తీస్తూ ఉంటుంది. ఆ సంగతి నడిపేవాడికి పాదం కింద తెలుస్తూనే ఉంటుంది. బయట ఆగస్టు ఎండ, 46 డిగ్రీలు. గాల్లో ఉప్పు తడి. అద్దాలు రెండు పొరలవి, బయటి రోడ్డు రొద లోపలికి రాదు. సీట్లోంచి చల్లగాలి. ఏసీ గాలి రంధ్రాలకు చిన్న లోహపు గుండీలు ఉంటాయి. లాగితే గాలి వస్తుంది, నొక్కితే ఆగుతుంది. ప్లాస్టిక్ కాదు, వేలికి చల్లగా బరువుగా తగులుతుంది. 2018 నుంచి వచ్చిన కార్లలో, కావాలని అడిగితే, డ్యాష్‌బోర్డు మధ్యలో ఒక చెక్క పలక ఉంటుంది. బండి స్టార్ట్ చేస్తే అది గిర్రున తిరిగి స్క్రీన్ అవుతుంది. ఇంకోసారి తిప్పితే మూడు ముళ్ల మీటర్లు. ఒకటి దిక్సూచి, ఒకటి గడియారం లాంటిది, ఒకటి బయటి వేడి చూపించేది. ఆ మూడోదాని ముల్లు దోహా ఎండాకాలంలో కుడివైపు చివరికంటా పోయి కూర్చుంటుంది. చల్లగా కూర్చుని ఆ ముల్లు చూడటంలో ఒక సుఖం ఉంది. కాస్త పాపిష్టి సుఖమే. ఎందుకంటే అదే ఎండలో బయట రోడ్డు వేసేవాళ్లు ఉంటారు. జూన్ నుంచి సెప్టెంబరు సగం దాకా పగలు పదింటి నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. పదింటికి ముందు మాత్రం ఏం చల్లగా ఉంటుంది చెప్పండి?

ఇంకో సంగతి ఉంది. నా దృష్టిలో ఇదే అసలైనది.

ఖతార్‌లో రోడ్డు రాజు బెంట్లీ కాదు. టొయోటా ల్యాండ్ క్రూజర్. తెల్లది. ఇసుక దిబ్బలెక్కాలన్నా అదే, పెళ్లికి వెళ్లాలన్నా అదే, పిల్లల్ని బడికి పంపాలన్నా అదే. దాన్ని నడిపేది చాలా ఇళ్లలో హౌస్ డ్రైవర్. మనవాడో, మలయాళీయో, శ్రీలంక, నేపాల్ మనిషో. వంట ఒకరు చేస్తారు, తోట ఒకరు చూస్తారు, పిల్లల్ని ఒకరు ఎత్తుకుంటారు, కారు ఒకరు నడుపుతారు. చేతికి పని తగలని జీవితం.

ఈ జీటీ ఉందే, దీన్ని మాత్రం యజమాని తానే నడుపుకుంటాడు. రెండే తలుపులు. వెనక సీటు ఉందనే మాటే గానీ పెద్దమనిషి కూర్చునే చోటు కాదు. రోల్స్ రాయిస్ ఫాంటమ్‌లో వెనక కూర్చుంటే గౌరవం. బెంట్లీ జీటీలో వెనక కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కాబట్టి డ్రైవరును పెట్టుకోవడానికి వీల్లేదు. స్టీరింగు తానే పట్టుకోవాలి. అన్ని పనులూ ఇంకొకరి చేతుల్లో పెట్టిన మనిషి, ఒక్క పని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గర ఉంచుకున్నాడు. సాయంత్రం ఒంటరిగా ఒక గంట డ్రైవింగు. దుఖాన్ వైపు కొంత దూరం వెళ్లి రావడం. అక్కడ పనేం ఉండదు. వెళ్లి, తిరిగి వస్తాడు. జీటీ కార్లు కట్టింది దూరాలు దాటడానికే అయినా, అక్కడ దాని పని దూరం కాదు, ఆ ఒక్క గంట.

నాకు తెలిసిన ఒక డ్రైవరు ఉండేవాడు. రాయచోటి దగ్గర పల్లె. ఊళ్లో ట్రాక్టరు, తర్వాత జీపు నడిపాడు. దోహాలో ఒక విల్లాలో హౌస్ డ్రైవరుగా ఉండేవాడు. ఇంటి ఆవరణలో ల్యాండ్ క్రూజర్లు రెండు, ఒక ముదురు నీలం కాంటినెంటల్ జీటీ. పొద్దున్నే బడికి పిల్లలు, తర్వాత సరుకులు, మధ్యాహ్నం మళ్లీ బడి, ఇదంతా ల్యాండ్ క్రూజర్‌లో. జీటీ తాళం మాత్రం అతని చేతికి మూడు పనులకే వచ్చేది. కడగడానికి, పెట్రోలు కొట్టించడానికి, సర్వీసుకు తీసుకెళ్లడానికి.

కడగడం తెల్లవారుజామున, ఫజర్ నమాజు వేళకు ముందే. ఎండ ఎక్కాక కడిగితే నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయి పెయింటు మీద తెల్లచుక్కలు పడతాయి. అందులోనూ ముదురు రంగు. ముందు రాత్రి దుమ్ముగాలి వీచి ఉంటే గుడ్డ పెట్టకూడదు. ఇసుక రేణువులు గుడ్డకింద నలిగి గీతలు పడతాయి. ముందు నీళ్లు ధారగా పోసి ఇసుక జార్చాలి. తర్వాతే సబ్బు నురగ. చక్రాలకు వేరే గుడ్డ, పైభాగానికి వేరే గుడ్డ. ఇవన్నీ అతను నాకు చెబుతుంటే, ఆ కారు ఒంపులు చేత్తో గాల్లో గీసి చూపించేవాడు. వెనక చక్రం మీద ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిపోతుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. డబ్బు పెట్టి కొన్నాయనకు తెలుసో లేదో నేను చెప్పలేను.

చిక్కల్లా ఒకటే. కడగాలంటే షెడ్డులోంచి బయటికి తీయాలి. ఆ పన్నెండు సిలిండర్లు రాత్రంతా చల్లారి ఉండి ఒక్కసారిగా లేచినప్పుడు గొంతు పెద్దది. గోడలు ప్రతిధ్వనిస్తాయి. పై అంతస్తులో మేడం నిద్ర లేచేది. ఆ రోజు మొదటి మాట తిట్టుతో మొదలు. పాపం, రెండు మూడుసార్లు ఆ ఏనుగంత కారును న్యూట్రల్‌లో పెట్టి తోటమాలితో కలిసి తోశాడట కూడా.

నడిపితే ఎలా ఉంటుందని అడిగాను. పెట్రోలు బంకు దాకా పోయి రావడం పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం తెలిసిందని అడిగాను. అతనన్నాడు, "అన్నా, నిమ్మలంగా పోతాది. కాలు పెడితే సాలు, ఇంగ పోదామా అని అడుగుతాది. మనమే వద్దులే అంటాం."

మనమే వద్దులే అంటాం. ఎందుకంటే ముఖాలఫా పడితే అతని జీతంలోంచి పోతుంది. ఖతార్‌లో 2021 నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు, తిండీ బసా యజమాని చూడాలి. హౌస్ డ్రైవర్లకు అంతకంటే కొంచెం ఎక్కువే వస్తుంది. కానీ ఆ కారు అద్దం ఒకటి పగిలితే ఎన్ని నెలల జీతమో లెక్క వేసుకోవడం కూడా ఇష్టపడేవాడు కాదు. ఫొటో మాత్రం దిగాడు. చెయ్యి బానెట్ మీద వెయ్యలేదు, పక్కనే నిలబడ్డాడు. అప్పుడే కడిగాడు మరి, వేలిముద్ర పడుతుంది!

దోహాలో ఇంకో వేడుక ఉంది. కరక్ చాయ్. చిక్కగా మరిగించిన పాలటీ, యాలకుల వాసన. రోడ్డు పక్కన చిన్న చిన్న కొట్లు. ఎవరూ కారు దిగరు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే, కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. ఒకప్పుడు రియాలుకు ఒక కప్పు. ఆ వరసలో నేను చూశాను. ముందు ఒక పాత పికప్పు, వెనక కాంటినెంటల్ జీటీ, దాని వెనక వాటర్ ట్యాంకర్. జీటీ అద్దం నాలుగు వేళ్లంత దిగింది. లోపల అరబ్బులు వేసుకునే తెల్లటి పొడవాటి చొక్కా చెయ్యి. కాగితపు కప్పు అంచుదాకా నిండుగా ఉంది, మూత సరిగ్గా పడలేదు. ఆ లోపలి తోలు మామూలుది కాదు. ఉత్తర ఐరోపా చలిదేశాల్లో పెరిగిన ఎడ్ల తోలు వాడతారు. అక్కడ పురుగూ పుట్రా తక్కువ, తోలు మీద కాట్లు మచ్చలు ఉండవని. అలాంటి తోలు మీదుగా ఆ నిండు కప్పు వెళుతుంటే చూసేవాళ్లకు ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆయన మాత్రం రెండు గుటకలు అక్కడే తాగి, కప్పు పెట్టుకుని, నిదానంగా వెళ్లిపోయాడు. అద్దాలు మొత్తం దించలేదు, ఇంజన్ రెచ్చగొట్టలేదు. పికప్పువాడే ఆయనకంటే ముందు దూసుకుపోయాడు.

మీకింకో తమాషా చెప్పాలి. బెంట్లీని కొన్నది ఫోక్స్‌వ్యాగన్ అని చెప్పాను కదా. ఆ ఫోక్స్‌వ్యాగన్‌లో నూటికి 17 ఓట్ల వాటా ఖతార్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థది. 2009 నుంచీ వాళ్లు అందులో పెద్ద వాటాదారులు. అంటే ఖతార్ గ్యాస్ అమ్మిన డబ్బు జర్మనీ వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లో కారై, ఓడెక్కి తిరిగి దోహా వస్తుంది. వచ్చి, మళ్లీ ఆ నేలలో దొరికిన చమురే తాగుతుంది.

మన దగ్గర ఇలాంటి మోజు లేదనుకోకండి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే అక్కడ పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చారు. బండి వచ్చేలోపే, 1911లో ఆయన కాలం చేశారు. దాని వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఊరేగింపులకు తప్ప వాడలేదు, అది తిరిగిన మైళ్లు చాలా తక్కువ. అందంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ అది కూర్చోబెట్టి చూపించే కారు. నాకు మాత్రం స్టీరింగు వెనక మనిషి ఒంటరిగా కూర్చున్న కారే ఎక్కువ నచ్చుతుంది. చూపించుకోవాలంటే చూపించుకోవచ్చు, వద్దనుకుంటే ఆ అద్దాల వెనక ఎవరికీ కనబడకుండా పోవచ్చు.

ఆ పన్నెండు సిలిండర్ల ఇంజన్ కథ ముగిసిపోయింది. ఇరవై ఏళ్లలో లక్షకు పైగా ఇంజన్లు చేసి, 2024లో ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీలో ఆఖరిది చేశారు. కొత్త కాంటినెంటల్ జీటీలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్, దానికి తోడు కరెంటు మోటారు. బలం తగ్గలేదు, పెరిగింది. పాతదానికి 550 అన్నాను కదా, కొత్తదాంట్లో వేగం ఎక్కువున్న రకానికి 770 పైన. ఒక్క కరెంటు మీదే, ఇంజన్ లేపకుండా, కాగితం మీద లెక్క ప్రకారం 80 కిలోమీటర్లు పోతుంది. దోహా నుంచి దుఖాన్ సుమారుగా అంతే. ఆ ఎండకు, ఆ ఏసీకి అంత దూరం రాకపోవచ్చు గానీ, చాలామట్టుకు పోతుంది. అంటే ఆ సాయంత్రపు గంట షికారులో ఇంజన్ చాలాసేపు నిద్ర లేవకపోవచ్చు.

కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు దీనికి బాధపడుతున్నారు. ఆ గొంతు లేకపోతే ఇంకేముంది అంటున్నారు. నాకూ కొంచెం బెంగగానే ఉంది. మొన్న రాయచోటి డ్రైవరు ఫోన్ చేసినప్పుడు అదే అన్నాను. అతనిప్పుడు ఇంకో ఇంట్లో చేస్తున్నాడు. అక్కడ కొత్త జీటీకి ఆర్డరిచ్చారట. నా బెంగ విని నవ్వాడు.

"సప్పుడు ల్యాకుంటే మంచిదే గదన్నా. తెల్లారుజామున షెడ్డులోంచి తీసి కడిగి పెట్టేస్తా. మేడం నిద్ర లేవదు."